గాదెయు చేటయు

నా వ్రాతబల్లపై నొక కంప్యూటరు కలదు. దానిని నేను 2012వ సంవత్సరమున కొంటిని. ఏడేండ్లు గడచునప్పటికి దాని నడక ముసలి యెద్దు నడకకంటె మందమయ్యెను. ఉదయమున మీట నొక్కి, స్నానము చేసి, కాఫీ త్రాగి వచ్చి చూచినను తెరపై నీలిచక్రము తిరుగుచునే యుండెడిది. చూచినవారందఱును “పారవేసి క్రొత్తది కొనుడు” అనుచుండిరి. పనిచేయు వస్తువును పారవేయుటకు నాకు మనసొప్పదు. ఇది లోభమని మా యింటివారి యభిప్రాయము. పొదుపని నా యభిప్రాయము.

ఉద్యోగ విరమణానంతరము నేనొక పని పెట్టుకొంటిని. సేద్యమునందు మా ప్రాంతపు వృద్ధులు వాడు మాటలను సేకరించి కంప్యూటరులో నెక్కించుటయే ఆ పని. కోతయంత్రములు వచ్చిన పిదప కళ్ళములు పోయినవి. కళ్ళములతోబాటు మాటలును పోవుచున్నవి. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము, తూము, పుట్టి యను కొలతల పేర్లు నిఘంటువులలో దొరకును. కాని తూర్పారపట్టుచుండగా గాలి పడిపోయినచో నేమందురో, వానకు తడిసిన పనలను త్రిప్పివేయుట నేమందురో ఏ పుస్తకమునను దొరకదు. అవి నోళ్ళలో మాత్రమే యున్నవి. ఆ నోళ్ళు ఏటేట తగ్గిపోవుచున్నవి.

మా వీధి చివర నెనుబదియేండ్లు దాటిన యొక మామ్మ యుండెడిది. ఆమెకు చదువు లేదు. పదియేండ్ల ప్రాయమునుండి ఊడ్పులకును, కోతలకును, నూర్పులకును పోయినది. 2019వ సంవత్సరము శ్రావణమాసమున నొక మధ్యాహ్నము నా ప్రార్థనపై ఆమె మా యింటికి వచ్చెను. కుర్చీ వేసితిని, కూర్చుండలేదు. గడపమీద కూర్చుండి, “ఈ కూలి మాటలు మీకెందుకు బాబూ?” యని నవ్వి చెప్ప నారంభించెను. కృష్ణకాటుకలు, అక్కుళ్ళు, గరికసన్నాలు మొదలగు పాతవడ్లు ఏ మట్టికి తగునో, ఏది వానకు పడిపోవునో, దేని గడ్డిని పశువులు మక్కువతో తినునో రెండు గంటలసేపు చెప్పుచునే యుండెను. ఒక మాట వెంట మఱియొక మాట ఊటవలె వచ్చుచుండెను. నేను లెక్క పెట్టుకొనుచునే యుంటిని: నలువదిమూడు మాటలు. వానిలో సగమునకు పైగా నేనంతకుముందు విననివి.

ఇచట నా తప్పు చెప్పుకొనవలెను. వ్రాసినదానిని దాచుమని యాజ్ఞాపించినపు డెల్ల ఆ యంత్రము నిమిషముసేపు కొయ్యబాఱి నిలుచుచుండెను. ఆ నిమిషములో మామ్మ చెప్పు ధార తెగునేమో యని, చివర నొక్కమారే దాచుకొందమని యూరకుంటిని. పది నిమిషముల కొకమారు తనంతట తానే దాచుకొను సౌకర్యము దానిలో లేకపోలేదు. నడకకు అడ్డువచ్చుచున్నదని దానిని అంతకుముందే నేనే తొలగించియుంటిని. కరెంటు పోయినను కొంతసేపు నిలుపవలసిన యు.పి.యస్. పెట్టెలోని బ్యాటరీ చచ్చి సంవత్సరమైనది. మామ్మ లేచి యింటికి పోయినది. నేను దాచుటకై మీటపై వ్రేలు పెట్టబోవుచుండగా కరెంటు పోయెను. తిరిగి వచ్చిన తరువాత తెరపై తెల్లని పుట యొక్కటియే మిగిలెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా చేతులతో నెక్కించిన మాటలే గదా, జ్ఞప్తికి తెచ్చుకొందమని కాగితము తీసికొంటిని. తెల్లవాఱునప్పటికి తొమ్మిది వచ్చినవి. మఱల మామ్మనే యడుగుదమన్నచో, ఆ వారమే ఆమెకు జ్వరము తగిలి మంచము పట్టెను.

ఈ సంగతి విని మామ్మ మనుమరాలు మా యింటికి వచ్చెను. ఆ పిల్ల పాలిటెక్నిక్‌లో కంప్యూటరు డిప్లొమా చదువుచుండెను. నా యంత్రము ముందు కూర్చుండి ఏవో రెండుమూడు మీటలు నొక్కి, “మాష్టారూ, దీనికి ర్యామ్ చాలదు. రెండే జీబీలున్నవి. అందు నూటికి తొంబది వంతులు మీరు పని మొదలుపెట్టకముందే నిండిపోయినవి” అనెను.

“నా మాటలన్నియు నందులోనే యున్నవి కదా, అందుచేత నిండినదేమో” అంటిని.

ఆ పిల్ల నవ్వి లెక్క చెప్పెను. యూనికోడు తెలుగులో నొక్కొక్క అక్షరమునకును, ఒక్కొక్క గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు పట్టును. ‘గాదె’ యన్న మాటలో గకారము, దీర్ఘము, దకారము, ఎత్వము కలిసి నాలుగు గుర్తులు, పండ్రెండు బైట్లు. నా సేకరణ మొత్తము రెండు లక్షల గుర్తులనుకొన్నను ఆరు లక్షల బైట్లే. రెండు జీబీలనగా 214 కోట్లకు పైబడిన బైట్లు. ఆ సముద్రములో నా మాటలు నీటిబొట్టు. చోటును మ్రింగుచున్నవి వేఱు: యంత్రమును నడపు మూలవ్యవస్థ, వైరస్ కాపలాదారు, నేను తెఱచి మూయుట మఱచిన ఇంటర్నెట్టు పుటలు.

“మఱి డిస్కులో ఇంకను సగము ఖాళీగా నున్నదే?” యని నేనడిగితిని.

“డిస్కు గాదె, మాష్టారూ. ర్యామ్ చేట. గాదెలో నెన్ని పుట్లున్నను చేటలో పట్టినన్నియే చెరుగగలము. చేట చిన్నదైనచో గాదెకును చేటకును నడుమ తిరుగుటయే పనియగును. మీ యంత్రము చేయుచున్న పని యదియే.”

నేను ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను. ఇంత పొందికైన ఉపమానము నాకు తట్టియుండెడిది కాదు. అది ఆ పిల్లకు ఎచటినుండి వచ్చినదో నాకు తెలియును.

ర్యామ్ పెంచవలెనని నిశ్చయమయ్యెను. ఆ పిల్ల సెలవుదినమువఱకు ఆగుమనినను నాకు తొందర యెక్కువై, మఱునాడే పట్టణమునకు పోయి నాలుగు జీబీల పలక యొకటి కొనితెచ్చితిని. ఏ రకమని దుకాణదారు అడుగగా, “మంచిది, క్రొత్తది ఇమ్ము” అంటిని. అతడు మంచిదే, క్రొత్తదే ఇచ్చెను. ఇంటికి వచ్చి సి.పి.యు. పెట్టె మూత తీసి గాడిలో పెట్టి నొక్కబోయితిని. అది దిగలేదు. ఇంకొంచెము బలము చూపబోవునంతలో దైవవశమున ఆ పిల్ల వచ్చి, “బలవంతము చేయకుడు మాష్టారూ, విఱుగును!” అని కేకవేసెను.

పలక అంచున నొక నొక్కు ఉండును. గాడిలో నొక చిన్న గట్టు ఉండును. నొక్కు గట్టుమీదికి సరిగా వచ్చిననే పలక దిగును. నేను తెచ్చినది డి.డి.ఆర్. 4 రకము, దానికి 288 స్పర్శబిందువులు, 1.2 వోల్టుల విద్యుత్తు. నా యంత్రమునకు కావలసినది డి.డి.ఆర్. 3, దానికి 240 బిందువులు, 1.5 వోల్టులు. రెంటికిని నొక్కు వేర్వేఱుచోట్ల నుండును. నావంటి తొందరపాటు మనిషి యొకడు వచ్చునని ముందే యూహించి యంత్రకారులు ఆ గట్టు పెట్టిరి కాబోలు. దుకాణదారు మంచివాడు, పలకను మార్చియిచ్చెను.

ఈమారు పని ఆ పిల్లయే చేసినది, నేను దీపము పట్టితిని. మొదట తీగెలన్నియు పెఱికి, ఆరంభపు మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టి, లోపల మిగిలిన విద్యుత్తును పోగొట్టెను. పిదప పెట్టెయొక్క యినుపభాగమును తాకి, “ఒంటిలోని విద్యుత్తు పలకకు తగిలినచో చెడును” అని చెప్పెను. లోపల దుమ్ము పేరుకొని యుండెను. ఒక సాలెపురుగు కాపురముండెను. పాత పలకను తీసి దాని బంగారువన్నె యంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దెను. రెండు పలకలను అంచులు పట్టుకొని గాళ్ళలో నిలిపి, రెండు బొటనవ్రేళ్ళతో సమముగా నొక్కగా, చివరలనున్న కొక్కెములు ‘టక్కు’ మని తమంతట తామే మూసికొనెను. మీట నొక్కగానే కూతలు వినవచ్చెను, తెర వెలుగలేదు. నా గుండె జాఱినది. ఆ పిల్ల జంకక, మఱల తీగెలు పెఱికి, పలకను తీసి గట్టిగా కూర్చుండబెట్టెను. తెర వెలిగెను.

అంతతో కథ ముగియలేదు. యంత్రము ఆరు జీబీలున్నవని చెప్పుచు, ఆ ప్రక్కనే వాడుటకు వీలైనది మూడున్నరకు లోపేనని చూపెను. డబ్బు పెట్టి కొన్నదానిలో సగము ఏ గంగలో కలిసినది? ఇది అంకగణితపు సంగతి. మా పాత మూలవ్యవస్థ 32 బిట్లది. అనగా ఒక్కొక్క బైటు నివాసమునకు 32 అంకెల చిరునామా వ్రాయును. ఆ అంకెలు సున్నయో ఒకటియో మాత్రమే. రెండును 32 మార్లు హెచ్చవేసినచో 4,29,49,67,296 వచ్చును. నాలుగు జీబీలనగా ఇదియే. అంతకుమించిన యిండ్లకు చిరునామాలే లేవు. ఉన్న చిరునామాలలో కొన్నింటిని యంత్రములోని యితర పరికరములు తీసికొనును. కనుక 64 బిట్ల వ్యవస్థ కావలెను. నా ఫైళ్ళను రెండు పెన్‌డ్రైవులలోనికి విడివిడిగా నకలు తీసి, రెంటిని తెఱచి చూచి నమ్మకము కుదిరిన తరువాతనే, ఆ పిల్ల ఉబుంటు అను ఉచిత వ్యవస్థను స్థాపించెను. అందును తెలుగు ఇన్‌స్క్రిప్టు మీటల యమరిక యున్నది. నా వ్రేళ్ళు క్రొత్తగా నేర్వవలసినది లేకపోయెను.

ఫలితమును ఉన్నదున్నట్లు చెప్పెదను. నిమిషము పట్టెడి ఫైలు రెండుమూడు క్షణములలో తెఱచుకొనుచున్నది. దాచుమన్న వెంటనే దాచుచున్నది. కాని ఉదయమున మేల్కొనుటకు మాత్రము ఇంకను ఆలస్యమే చేయుచున్నది. డిస్కు పాతరకపు తిరుగుడు పళ్ళెములది గనుక దాని జాగు దానిది. అది మార్చుట వేఱొక ఖర్చు.

పలకను చేతపట్టి చూచినప్పు డొక సందేహము కలిగినది. ఇంత నేర్పుగల వస్తువు కరెంటు పోగానే అన్నియు ఏల మఱచును? అందు ఒక్కొక్క బిట్టు ఒక సూక్ష్మమైన పాత్రలో నిలిపిన విద్యుదావేశము. ఆ పాత్ర ఓటికుండ. నింపినది కారిపోవుచునే యుండును. కావున సెకనును వెయ్యి భాగములు చేసినచో అందు 64 భాగముల కాలములోపల పాత్రలన్నింటిని చదివి మఱల నింపవలెను. నాలుగు జీబీల పలకలో ఇట్టివి 3,435 కోట్లకు పైగా నుండును. ఒక ట్రాన్సిస్టరును, ఒక కెపాసిటరును జతచేసి ఒక బిట్టును నిలుపు ఈ పద్ధతిని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1966లో ఆలోచించెను. 1968లో పేటెంటు పొందెను. నింపువాడు ఆగిన క్షణమున కుండలన్నియు నొక్కసారి ఖాళీయగును. ఆనాడు నా గదిలో జరిగిన దదియే.

“అయితే ర్యామ్ ఎంత పెంచినను ఆ మాటలు దక్కెడివి కావన్నమాట” అంటిని.

“కావు మాష్టారూ. చేట పెద్దదైనను చేటయే” అని ఆ పిల్ల బదులు చెప్పెను. ఆ సాయంకాలమే యు.పి.యస్. బ్యాటరీని మార్పించి, తనంతట తానే దాచు సౌకర్యమును మఱల పెట్టించితిని.

మామ్మ కోలుకొనుటకు చాలకాలము పట్టెను. 2020వ సంవత్సరము సంక్రాంతి వెళ్ళిన తరువాత మనుమరాలి చేయి పట్టుకొని వచ్చి, ఆ గడపమీదనే కూర్చుండెను. చిక్కిపోయినది. మునుపటివలె ధారాళముగా చెప్పలేకపోయెను. ఒక మాట చెప్పి, దాని తరువాతి మాటకై చూరువైపు చూచుచుండెను. నాకు జ్ఞప్తియున్న తొమ్మిదింటిని నేనందించితిని. వాని కొసలు పట్టుకొని ఆమె మఱికొన్నింటిని లాగెను. మధ్యాహ్నము గడచునప్పటికి ఇరువదియాఱు చేకూఱినవి. తక్కినవి రాలేదు.

ప్రతి మాటకును నేను రెండు మీటలు కలిపి నొక్కుట ఆమె గమనించెను.

“మాటిమాటికి అదేమి బాబూ?”

“దాచుచున్నాను మామ్మా.”

“ఆనాడు దాచలేదా?”

“లేదు.”

ఆమె కొంతసేపు నా ముఖము చూచి, “విత్తనపు గింజలు వండుకొని తిన్నారన్నమాట” అని, కొంగు సవరించుకొని, “సరే, వ్రాసికొనుడు” అనుచు తరువాతి మాటకై మఱల చూరువైపు చూచెను.