జేజి గొళ్ళెం

వాకిలి తలుపులు విప్పారు. కిటికీలు పెరికారు. దూలాలు దించి ట్రాక్టరులోకి ఎక్కించారు. దొడ్డి తలుపు దగ్గరికి వచ్చేసరికి కొడుకు ఆగిపోయాడు. పాత వేపచెక్క. కింద మూరెడు మేర చెదలు తినేసింది. 'ఇదెందుకులేమ్మా' అన్నాడు. ఆమె బదులు చెప్పలేదు. లోపలికి వెళ్లి గడ్డపార తెచ్చింది. గొళ్ళేన్ని మాత్రం పెరికి కొంగులో మూట కట్టుకుంది.

2020 సంగతిది. గండికోట జలాశయంలో నీళ్లు పెంచడంతో కడప జిల్లా కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అవుతున్న రోజులు. 26.85 టీఎంసీలు నిలబెట్టేలా పెన్నా మీద కట్టిన జలాశయం. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు అక్కడిదాకా వస్తాయి. ఆ నీళ్ల విలువ ఆమెకు తెలియనిదేం కాదు. కరువులో పుట్టి, కరువులోనే కాపురం చేసిన మనిషి. 'నీళ్లొద్దని ఎవురన్నారు?' అంటుంది. ఆ తర్వాత మాట పూర్తి చేయదు.

కొత్త కాలనీలో ఇల్లు సిమెంటుది. వెనక నాలుగు బారల జాగా, చుట్టూ ఇటుక గోడ, దానికో ఇనుప గేటు. పాత దొడ్డిలో చింతచెట్టు, గాబు, గడ్డివామి... ఇక్కడ అవేవీ లేవు. మిగిలినవి మూడు మేకలు. గేటుకు గడియ లేకపోవడంతో రాత్రిళ్లు బండరాయి ఆనించేవాళ్లు. మేకకు రాయి ఒక లెక్కా! ఓ తెల్లవారుజామున పిల్లమేక ఒకటి రోడ్డు మీదికి పోయింది. మళ్లీ రాలేదు.

ఆ ఆదివారమే కొడుకు జమ్మలమడుగు పోయి తళతళలాడే బోల్టు గడియ కొనుక్కొచ్చాడు. నాలుగు స్క్రూలతో బిగించేశాడు. పదే పది నిమిషాల పని. మూట విప్పి పాత గొళ్ళెం ముందు పెడితే కొడుకు నవ్వేశాడు. 'చెక్క తలుపుకు కొట్టిన దాన్ని ఇనుప గేటుకు ఎట్ల పెడతామమ్మా?'

రెండు నెలలు తిరక్కుండానే బోల్టు మొరాయించింది. అందులో బోల్టు తప్పేమీ లేదు. ఇనుప గేటు బరువంతా ఒకవైపు బందుల మీదే ఉంటుంది. పిల్లలు ఎక్కి ఊగితే అవి ఇంకాస్త సాగుతాయి. గేటు అరంగుళం దిగితే చాలు, కడ్డీ బెజ్జానికి ఎదురుగా నిలబడదు. గేటును ఓ చేత్తో పైకెత్తి, ఇంకో చేత్తో గడియ తోయాలి. డెబ్బై దాటిన మనిషి వల్ల అయ్యే పనేనా? మనవడు రాయి తీసుకుని కొట్టాడు. కడ్డీ వంగింది. మళ్లీ బండరాయే దిక్కయింది.

గొలుసు గొళ్ళేనికి ఆ బాధ లేదు. నాలుగు కడియాలు, చివర నాలుకలాంటి పట్టీ, అది తగులుకోవడానికో కొండి. గేటు కాస్త దిగినా, వానకు చెక్క ఉబ్బినా గొలుసు సర్దుకుంటుంది. పాతకాలం కమ్మరికి కొలతబద్దతో పెద్దగా పని ఉండేది కాదు. తలుపులు కదులుతాయన్న సంగతి మాత్రం బాగా తెలుసు. గండికోటకు వెళ్లినవాళ్లు కోట పెద్ద వాకిలి దగ్గర ఇనుపరేకులు తాపిన తలుపులనూ, వాటి మేకులనూ చూసి ఫొటోలు దిగుతారు. సైన్యాలను ఆపడానికి పెట్టినవి అవి. ఆ చుట్టుపక్కల ఊళ్ల దొడ్ల గొళ్ళేలు ఆపాల్సింది మేకల్ని, దూడల్ని. ఫొటోలు తీసేవాళ్లు లేకపోయినా, రోజుకు ఇరవైసార్లు పనిచేసింది ఈ గొళ్ళేలే.

చివరికి వెల్డింగు కుర్రాణ్ని పిలిచారు. గొళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. 'కొత్తది నూర్రూపాయలకు వస్తాది గదా పెద్దమ్మా?' 'వస్తాది. ఇదే పెట్టు' అంది. తుప్పు మీద అతుకు నిలవదని, తెల్ల ఇనుము బయటపడేదాకా ఆకురాయితో గీకాడు. గేటుకు రంగు వేసిన చోటా అంతే. కొండిని గోడలో పాతిన యాంగ్లరుకు అతకాలి.

'ఎంత ఎత్తులో పెట్టమంటావు?'

ఆమె గేటు ముందు నిలబడింది. కళ్లు మూసుకుని చెయ్యి లేపింది. రొమ్ము ఎత్తుకు కాస్త పైన ఆగింది ఆ చెయ్యి. నలభై ఏళ్లు వెతుక్కోకుండా పోయిన చోటు. కొడుకు అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు. అప్పటికి అతనికి నవ్వు రాలేదు.

ముందు రెండు చుక్కలు అతికించి, గేటు నాలుగుసార్లు వేసి తీసి చూశాకే కుర్రాడు అతుకు పూర్తి చేశాడు. గొలుసు వదులుగానే ఉంచాడు. అతుకు చుట్టూ రంగు పూయకపోతే తొలి వానకే తుప్పు పడుతుంది కాబట్టి, అడుగున మిగిలిన నల్లరంగు తెచ్చి ఆమే పూసింది. చేతికి అంటిన మరక వారం రోజులు పోలేదు.

మేకలు ఇప్పుడు దొడ్లోనే ఉంటున్నాయి. ఇంకో సంగతి ఇంట్లో వాళ్లెవరూ ముందు అనుకోలేదు. బోల్టుకు లేనిది ఈ గొలుసుకు ఉంది... చప్పుడు. పాత ఊళ్లో ఎవరొచ్చిందీ ఆ చప్పుడుతోనే చెప్పేసేది. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్క విసురుతో తీసేవాడు. పక్కింటి కోడలు ఎవరికీ వినపడకూడదన్నట్టు నెమ్మదిగా దించేది.

మొన్న చీకటి పడ్డాక గొలుసు గలగలమంది. లోపల బియ్యం ఏరుతున్న జేజి తల ఎత్తకుండానే, 'ఏమ్మే, ఇంతపొద్దు చేసినావు?' అంది.

మనవరాలు గుమ్మంలోనే నిలబడిపోయింది. 'నేనేనని ఎట్ల తెలిసింది జేజీ?'

'నువ్వు రెండుతూర్లు కొడ్తావు. పో, పోయి గొళ్ళెం పెట్టిరా. మేకలు పోతాయి.'