మౌనమునకు వెల

మౌనము అర్ధాంగీకారమని మనలో నొక నానుడి గలదు. సంస్కృతము చెప్పు నాబోటి ఉపాధ్యాయుడు అందలి ‘అర్ధ’ శబ్దమును ధనవాచకమగు ‘అర్థ’ శబ్దముతో పిల్లలు కలిపివేయకుండ జూచుటకే చాల కాలము వ్యయపరచును. ఇటీవల నొక పత్రము చదివిన పిమ్మట పిల్లల పొరపాటులోనే లోకానుభవ మున్నదని తోచినది.

ఆ పత్రము నాకు చూపినది నాయొద్ద చదువుకొన్న యొక యమ్మాయి; లండను నగరమున నొక కంపెనీలో ఉద్యోగిని. పై యధికారి ఆమెయెడ అనుచితముగా ప్రవర్తించెను. ఆమె ఫిర్యాదు చేసెను. విచారణ యనుపేర కొన్ని వారములు గడచిన పిమ్మట కంపెనీవారు కొన్ని నెలల జీతమును, మంచి యోగ్యతాపత్రమును ఇత్తుమనియు, ఆమె ఉద్యోగము మాని, జరిగినదానిని ఎవరికిని చెప్పకుండుట కొప్పుకొనవలెననియు కోరిరి. ఇట్టి యొడంబడికకు నాన్ డిస్‌క్లోజర్ అగ్రిమెంటని పేరు. వర్తకరహస్యములు పరుల పాలు గాకుండ కాపాడుటకై వాడు సాధనము ఇట్టి పనికిని వచ్చుచున్నది. ఆమె ఇంకను చేవ్రాలు చేయలేదు గనుకనే నాకు చూపగలిగినది.

“ఇంగ్లీషు తేలికగానే ఉంది మాస్టారూ, భావమే చిక్కడం లేదు,” అన్నది.

చదివితిని. పది పుటలలో జరిగిన పని యేదో ఎచ్చటను లేదు. ‘వివాదము’ గలదు, ‘సంబంధిత విషయములు’ గలవు. వాక్యములన్నియు కర్మణిప్రయోగములే, కర్త యొక్కచోటనైన కానరాడు. ఇరువది యేండ్లుగా వ్యాకరణము చెప్పుచున్నాను గాని కర్తను దాచుటలో ఇంతటి నేర్పు నేనెన్నడును చూచియుండలేదు.

ఆమె తండ్రి నాకు మిత్రుడే. “నలుగురి నోళ్లలో పడితే రేపు పెళ్లెలా అవుతుందండీ? ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోమనండి,” అని నన్ను బ్రతిమాలెను. లండను కంపెనీ పది పుటలు వ్రాసి, ధనమిచ్చి సాధింపజూచునది మన యిండ్లలో కాగితము లేకయే, కాని ఖర్చు లేకయే నెరవేరుచున్నది. అమ్మాయి మాత్రము వేరొకటి అడిగినది. “నేను వచ్చేశాక ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంటుంది కదా మాస్టారూ, దానికెవరు చెబుతారు?”

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వంటి వృత్తాంతము అదే లండనున జరిగియున్నది. మిరామాక్స్ చలనచిత్ర సంస్థలో జెల్డా పెర్కిన్స్ అను యువతి హార్వీ వైన్‌స్టీనునకు సహాయకురాలు. 1998లో తోటి ఉద్యోగినిపై అతడు అత్యాచారయత్నము చేసెనన్న ఆరోపణపై, అతడు కాదన్నను, ఇరువురును కొలువు మాని న్యాయవాదుల నాశ్రయించిరి. తుదకు దక్కినది ఇరువురికిని కలిపి 2,50,000 పౌనులు, నోటికి తాళము. మనోవైద్యునితో మాటలాడవలెనన్నను ఆ వైద్యుడు ముందుగా గోప్యతకు కట్టుబడవలెను. తన చేవ్రాలున్న పత్రపు ప్రతిని పూర్తిగా తనయొద్ద నుంచుకొనుటకైనను ఆమెకు వీలు లేకపోయెను. 2017 అక్టోబరులో ఆమె ఆ కట్టు తెంచి పత్రికతో మాటలాడెను. ఆ మాసముననే న్యూయార్క్ టైమ్స్ పత్రిక, అతడు కనీసము ఎనిమిదిమంది స్త్రీలతో రాజీలు చేసికొనియుండెనని ప్రకటించినది. ఎవరి రహస్యము వారిదే. మొత్తము లెక్క అతని పక్షమువారికే తెలియును. మొదటి యామెకు ముట్టిన ధనమునకు వెల చెల్లించినది తరువాత వచ్చినామె.

సంతకము చేయుమనియో, వలదనియో చెప్పుటకు నేనెవరిని? అక్కడి యింటి అద్దె కట్టవలసినది ఆమె. న్యాయస్థానమునకు తిరుగవలసినది ఆమె. స్వతంత్రుడగు న్యాయవాదికి చూపుమనియు, నేరమును పోలీసులకు తెలుపు హక్కును ఏ పత్రమును హరింపజాలదనియు చెప్పి పంపితిని.

కొందరు స్త్రీలు తామే మౌనమును కోరుదురు గదా యని యందురు. నిజమే. తన పేరు దాచుకొను హక్కు ఆమెది. అతని పేరు దాచు భారమును ఆమె తలపై మోపుట వేరు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమువారు 2021లో చేసిన చట్టము ఈ భేదమును గుర్తించి, బాధితురాలే కోరినగాని ఇట్టి ఒడంబడిక చెల్లదన్నది. అమెరికావారి 2022 నాటి చట్టము, వివాదము పుట్టకముందు, అనగా కొలువులో చేరునాడే, వ్రాయించుకొనినవానిని మాత్రమే త్రోసిపుచ్చినది. తరువాత వ్రాయించుకొనువాని జోలికి పోలేదు. రోగమున్నది అచ్చటనే గదా!

మన దేశమున 2013 నాటి చట్టము ఒక విషయమున మేలు. ఫిర్యాది కోరినచో విచారణకు ముందు రాజీ కుదుర్పవచ్చును గాని ధనము ఆ రాజీకి ప్రాతిపదిక కారాదని 10వ సెక్షను శాసించుచున్నది. 16వ సెక్షను, ఫిర్యాదులోని సంగతులను, పేర్లను ప్రకటింపరాదనును. దీనిని చూపి నోరెత్తవలదని బెదిరించుట సులభము. కాని బాధితురాలిని, సాక్షులను గుర్తుపట్టు వివరములు లేకుండ, లభించిన న్యాయమును గూర్చి తెలుపవచ్చునని అదే సెక్షనులో గలదు. ఆ వాక్యమును చదివి వినిపించువారే తక్కువ. ఈ రెండు సెక్షనులను తెలుగున వ్రాసి, మా బడి విడిచి పై చదువులకు పోవు పిల్లలకు పంచుచున్నాను. ఆడపిల్లలకు ఇప్పటినుండి ఇవి యెందుకని కొందరు తండ్రులు అడిగిరి. తల్లులు మరికొన్ని ప్రతులు తీసికొనిపోయిరి.