పిల్లలు ముందు పిల్లలకే చెప్పుకుంటారు

వదినా, ఆ కుక్కర్ కట్టేసి కాస్త ఇటు రా. గోడ పక్కన నీడ పడింది, నిలబడి మాట్లాడుకోవచ్చు. నిన్న మీ చిన్నోడి సంగతి సగం చెప్పి లోపలికెళ్లిపోయావు. రాత్రంతా అదే ఆలోచిస్తున్నా.

"ఇంటర్ల జేరినకాంచి మాతోని మాట్లాడుడే బందువెట్టిండు వదినె. ఏమైంది బిడ్డా అంటే ఏం లేదంటడు. గా మూలమీది దోస్తుగానితోనైతే రాత్రి పదిదాక ముచ్చట్లే" అన్నావు. నువ్వు బాధపడుతూ అన్నావు గానీ నాకు ఆ మాటలో ధైర్యమే కనిపించింది. వాడికి నోరు విప్పే చోటు ఒకటుంది. ఈ వయసులో మనసులోని బరువు అమ్మకు చెప్పరు, నాన్నకు అసలే చెప్పరు, సారుకు చెప్పడమన్న ఊసే లేదు. పక్క బెంచీలో కూర్చున్న వాడికి చెబుతారు. మరి ఆ పక్క బెంచీ వాడికి, విన్నాక ఏం చేయాలో ఎవరైనా నేర్పారా? అదే నన్ను పీడిస్తున్న ప్రశ్న.

మన చుట్టూ చూడు. ఐ.ఎస్.సదన్ దాటి చంపాపేట వైపు వెళ్లినా, ఇటు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ వైపు వెళ్లినా కాలేజీల బోర్డులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లే. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం వైపు నుంచి పదహారేళ్ల పిల్లలు బకెట్టూ పరుపూ పట్టుకుని దిగుతారు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మారడం. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి దింపిన రోజున ఆ పిల్లకు అక్కడ అమ్మ ఉండదు. పక్క మంచం మీద ఇంకో పదహారేళ్ల పిల్ల ఉంటుంది, అంతే.

2019 ఏప్రిల్ గుర్తుందా? ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వచ్చి, ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ మళ్లీ చూడాల్సి వచ్చింది. అప్పుడు మార్కుల గురించీ బోర్డు గురించీ ఎంతో చర్చ జరిగింది, జరగాల్సిందే. కానీ మెమో చేతిలో పట్టుకుని కూలబడిన పిల్ల పక్కన ఆ గంటలో ఎవరున్నారు, వాళ్లకు ఏం తెలుసు అన్న చర్చ రాలేదు. దేశం మొత్తం మీద 2022 ఒక్క ఏడాదిలోనే 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఇంతమందిలో చాలామంది అంతకుముందు ఎవరో ఒక స్నేహితుడి దగ్గర ఏదో ఒక మాట అని ఉంటారనే నా నమ్మకం.

"కాలేజీల ఒక కౌన్సిలర్ను వెడితే అయిపాయె గదా" అంటావని తెలుసు. పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు అదే చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం మానమంది. సహాయం చేసే ఫోన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనబడేలా పెట్టమంది. మన వీధుల్లోని యాజమాన్యాలన్నీ ఆ తీర్పు కాపీ తీసి చదవాలి. కానీ వదినా, కౌన్సిలర్ గది తలుపు దాకా పిల్లవాణ్ని నడిపించేదెవరు? "పిచ్చోడనుకుంటరు" అన్న భయంతో వాడు ఆ వరండా వైపే పోడు. భుజం మీద చెయ్యేసి "నేనూ వస్తా పదరా" అనే దోస్తు కావాలి.

బిహార్‌లో నలంద జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో ఒక ప్రయోగం చేశారు. పేరు సెహెర్. కొన్ని బడుల్లో పిల్లల మనసు కనిపెట్టుకునే పని టీచర్లకే అప్పజెప్పారు, కొన్నింటిలో పెద్ద డిగ్రీలు లేని, శిక్షణ ఇచ్చిన మామూలు మనిషిని ఒకరిని పెట్టారు. పిల్లలు మనసులో మాట రాసి వేసే పెట్టె, వాళ్లే నడిపే గోడపత్రిక, పిల్లల బృందాలు, అందులో ఇవన్నీ ఉన్నాయి. 2018లో ఫలితాలు వచ్చాయి. ఆ మామూలు మనిషి ఉన్న బడుల్లో దిగులు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించుకోవడం తగ్గింది, బడి వాతావరణమే మారింది. టీచర్ల చేతిలో పెట్టిన బడుల్లో పెద్ద తేడా రాలేదు. టీచర్లు మంచివాళ్లు కాక కాదు. మార్కులు వేసే చేతికి, దండించే నోటికి పిల్లలు గుండె విప్పరు.

యూరప్‌లోనూ ఇలాంటిదే తేలింది. పది దేశాల్లో 168 బడులు, పదకొండు వేలకు పైగా పిల్లలు. ఒక పద్ధతిలో ప్రమాదంలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టడం టీచర్లకు నేర్పారు. ఇంకో పద్ధతిలో పిల్లలనే కూర్చోబెట్టి, చిన్న చిన్న నాటకాలు వేయించి, నీ స్నేహితుడు ఇలా అంటే నువ్వేం చేస్తావని మాట్లాడించారు. ఏడాది తర్వాత చూస్తే, పిల్లలే మాట్లాడుకున్న చోట ఆత్మహత్యా ప్రయత్నాలు సుమారు సగానికి తగ్గాయి. టీచర్లకు మాత్రమే నేర్పిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2015లో అచ్చయిన సంగతి ఇది.

ఇలాంటిది మన దగ్గర అసలు లేదనుకోకు. 2014 జనవరిలో కేంద్రం కౌమార వయసు పిల్లల ఆరోగ్యం కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టి, ఊళ్లో అబ్బాయిలనూ అమ్మాయిలనూ ఎంచి 'సాథియా'లని పేరుపెట్టింది. తోటి పిల్లలతో మాట్లాడటమే వాళ్ల పని. 2020లో వచ్చిన బడి ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికీ ఇద్దరు టీచర్లు, వాళ్లకు తోడు క్లాసు లీడర్లే దూతలు. అందులోని పదకొండు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. కానీ అది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఉద్దేశించింది. మన పిల్లలు ఫీజులు కట్టి చదివే కాలేజీలు దాని బయట ఉండిపోయాయి. మన ఊళ్లోనే పుట్టిన వాయిస్ ఫర్ గర్ల్స్ వాళ్లు కాలేజీ అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, బడి అమ్మాయిలకు క్యాంపులు పెట్టిస్తారు. ఒంటి గురించీ, భయాల గురించీ, హక్కుల గురించీ అక్కే చెప్పినట్టు చెబుతారు. ఆ అమ్మాయిల్లో కొందరు మళ్లీ తమ బడిలో తోటివాళ్లకు చెబుతారు.

ఇక అసలు కష్టమైన మాటకొస్తా. స్నేహితుడు వింటాడు కదా అని బరువంతా వాడి నెత్తిన పెడితే, ఈత రాని వాణ్ని మునిగేవాడికి చెయ్యివ్వమన్నట్టే. మా అక్క కూతురు హాస్టల్లో ఉన్నప్పుడు గదిలో పిల్ల అన్నం మానేసింది, తన గడియారం, పుస్తకాలు అందరికీ పంచేసింది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంది. మా పిల్ల ఒట్టేసి, రాత్రుళ్లు నిద్రపోకుండా ఆమెనే చూస్తూ కూర్చుంది. చివరికి ఏడుస్తూ వాళ్లమ్మకు ఫోన్ చేసింది. తల్లిదండ్రులు వచ్చి ఆ పిల్లను ఇంటికి తీసుకెళ్లారు, డాక్టరుకు చూపించారు. ఆ పిల్ల మా దానితో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. అయినా బతికి ఉంది, డిగ్రీ చదువుతోంది. మా పిల్ల చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

అందుకే పిల్లలకు నేర్పాల్సింది వైద్యం కాదు. తిండి, నిద్ర మారినా, ఇష్టమైన వస్తువులు పంచేస్తున్నా, "నేను లేకపోతేనే నయం" అన్నా తేలిగ్గా తీసుకోవద్దని చెప్పాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చని చెప్పాలి. అడిగితే ఆ ఆలోచన వస్తుందన్న భయం మనది, నిజం కాదు. అడిగితే ఊపిరి పీల్చుకుంటారు. "నాకే ఇన్ని కష్టాలున్నాయి, నీదేముంది" అనకుండా వినడం, ఒంటరిగా వదలకపోవడం, ఆ రోజే నమ్మకమైన పెద్ద మనిషికి చెప్పడం. ప్రాణం మీదికొచ్చిన రహస్యాన్ని దాచనని ముందే స్నేహితుడికి చెప్పడం. దోస్తు పని అక్కడికి. ఆ తర్వాతిది పెద్దల పని.

"పిల్లలకు గిసొంటియి జెప్తే భయపడ్తరేమో" అన్నావు చూడు, చెప్పకపోతే జరిగేది విను. 1935లో ఇంగ్లండులో చాద్ వారా అనే యువ పాదిరీ ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి అంత్యక్రియలు జరిపించాడు. నెలసరి మొదలైతే ఏదో చెడ్డ రోగం వచ్చిందనుకుని ప్రాణం తీసుకుంది. అడగడానికి ఒక్క మనిషి లేక! ఆయన ఆ పిల్లను మరచిపోలేక 1953లో లండన్‌లో సమారిటన్స్ మొదలుపెట్టాడు. డాక్టర్లు కాని మామూలు మనుషులు ఫోన్ ఎత్తి వినడం అలా మొదలైంది. మన సికింద్రాబాద్‌లో రోష్ని వాలంటీర్లు 1997 నుంచి చేస్తున్నది ఆ పనే.

కాలేజీ వాళ్లు కదిలేదాకా మనం కూర్చోవాలా? వినాయకుడి మండపం దగ్గర పది రోజులు రాత్రింబవళ్లు తిరిగేది ఈ వయసు పిల్లలే. బోనాలకు, ఇఫ్తార్‌కు పనులన్నీ చేసేదీ వాళ్లే. కాలనీ సంఘం హాల్లో నెలకొక ఆదివారం సాయంత్రం వాళ్లకు వదిలేద్దాం. శిక్షణ ఉన్న మనిషిని ఒకరిని పిలుద్దాం. మనం లోపల కూర్చోవద్దు, బయట టీ పెడదాం. అవసరమైతే పిలవడానికి మనం అక్కడున్నామని వాళ్లకు తెలిస్తే చాలు. మగపిల్లలను తప్పకుండా పంపించాలి. "మొగోడివి, ఏడుస్తావేంది" అని మనమే వాళ్ల నోళ్లు నొక్కేశాం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఇద్దరం కలిసే వెళ్దాం వదినా. ర్యాంకు సంగతి తర్వాత అడుగుదాం, కౌన్సిలర్ ఎవరు, పిల్లల బృందం ఉందా, నంబరు గోడ మీద ఎందుకు లేదు అని ముందు అడుగుదాం. ఈలోగా మీ చిన్నోడి ఫోన్లోనూ, ఆ మూలమీది దోస్తు ఫోన్లోనూ 14416 నంబరు వేయించు. టెలిమానస్ అంటారు, 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది, పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.