తండ్రి ఒంట్లోనూ మార్పులే

చూలాలి ఒంట్లో హార్మోన్లు మారతాయంటే మీరేం ఆశ్చర్యపోరు. మరి పక్కనున్న మగాడి ఒంట్లోనూ మారితే? బ్రెజిల్ ఈశాన్య అడవుల మార్మోసెట్ కోతుల సంగతి చెబుతాను, వినండి.

బరువు 300 గ్రాముల పైచిలుకు, అంతే. ఐదు నెలలు మోసి సాధారణంగా కవలల్ని కంటుంది తల్లి. ఒక్కో పిల్ల 30 గ్రాములు. అంటే 60 కిలోల మనిషి 12 కిలోల బిడ్డల్ని కన్నట్టు! మాయ పడగానే ప్రొజెస్టెరాన్ తగ్గిపోతుంది, ప్రొలాక్టిన్‌కు అడ్డు తొలగి పాలు పడతాయి. ఇక్కడిదాకా మనకు తెలిసిన కథే. అయితే పురుడైన రెండు వారాలకే ఆమెకు మళ్లీ కడుపు నిలవొచ్చు. ఒకపక్క పాలివ్వాలి, మరోపక్క కొత్త ప్రాణాన్ని మోయాలి. ఇక కవలల్ని వీపున వేసుకుని కొమ్మలు దూకడం ఎలా చెప్పండి? ఆ పని తండ్రి చేస్తాడు, పెద్ద పిల్లలూ సాయం పడతారు. పాల వేళకు తల్లికి అందించి, తాగాక మళ్లీ ఎక్కించుకుంటాడు.

1982లో డిక్సన్, జార్జ్ అనే శాస్త్రజ్ఞులు ఆ తండ్రుల రక్తం పరీక్షించారు. పిల్లల్ని మోస్తున్నవాటిలో ప్రొలాక్టిన్, మోయనివాటికంటే ఐదు రెట్లుంది. తల్లికి పాలు పట్టించే ప్రొలాక్టినే!

నన్ను మరీ కదిలించింది మార్మోసెట్ దగ్గరి చుట్టం, కొలంబియాలోని కాటన్‌టాప్ టామరిన్. గర్భం సగం దాటాక కడుపులోని బిడ్డ అడ్రినల్ గ్రంథి పని మొదలుపెడుతుంది. దాంతో తల్లి మూత్రంలో కార్టిసాల్ కోవకు చెందిన హార్మోన్లు పెరుగుతాయి. ఒకటి రెండు వారాల్లో, ఇదివరకు పిల్లల్ని పెంచిన తండ్రి ఒంట్లోనూ అవి పెరిగాయి. అంతగా అనుభవం లేనివాళ్లకు ఆ మార్పు చివరి నెలలోగానీ రాలేదు. వాసన ద్వారా కబురు అందుతోందేమోనని పరిశోధకుల ఊహ. చూశారా, పుట్టకముందే బిడ్డ తండ్రిని పలకరిస్తోందన్నమాట! విస్కాన్సిన్ పరిశోధకులు 2006లో ఇంకో విషయం బయటపెట్టారు. ఈ రెండు జాతుల్లోనూ, భార్య కడుపుతో ఉన్న నెలల్లో మగాడూ బరువు పెరుగుతాడట. రాబోయే మోతకు ఒళ్లు ముందే సిద్ధపడుతోందని వాళ్ల ఆలోచన. నాకూ అదే సబబనిపిస్తోంది.

గర్భధారణ పాఠంలో తండ్రికీ ఒక పేజీ ఉండాలని నా పట్టు. మార్మోసెట్ తండ్రికి కన్నబిడ్డ వాసన చూపిస్తే 20 నిమిషాల్లోనే రక్తంలో టెస్టోస్టెరాన్ తగ్గింది. బిడ్డను ఎత్తుకోనక్కర్లేదు, కళ్లతో చూడనక్కర్లేదు, వాసన ఒక్కటే చాలింది.