ఏకచక్ర వాహనానికి ఇరవై మంది బోయీలు

కలకత్తా మహానగరంలో విద్యుత్తుతో నడిచిన మొట్టమొదటి ట్రామ్ బండి 1902వ సంవత్సరం మార్చి 27వ తేదీన ఎస్ప్లనేడ్‌లో బయలుదేరి మా ఖిదిర్‌పూర్‌కే వచ్చింది. అంతకు పూర్వం ఈ నగరపు ట్రాములను గుర్రాలు లాగేవి. మైదానపు చెట్ల నీడలో ఒక శతాబ్దానికి పైగా సాగిన ఆ మార్గం 2020 మే నెలలో వచ్చిన అంఫాన్ తుఫానుతో ఆగిపోయింది. ట్రాముకు కావలసిన విద్యుత్తు తల మీది తీగ నుండి ఎప్పటికప్పుడు అందేది. రేపటికని దాచుకోవలసిన అవసరం దానికి లేదు. ఈనాటి విద్యుత్ వాహనాల సంగతి వేరు. పూర్వం బాటసారులు సద్దిమూట కట్టుకున్నట్లు ఇవి తమ విద్యుత్తును తామే మూట కట్టుకొని బయలుదేరాలి. చిక్కంతా ఆ మూట దగ్గరే వస్తున్నది.

రైల్వేలోనూ, రేవులోనూ ఉద్యోగాల కోసం వచ్చి ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మా పొరుగింటివారు అటువంటివారే. స్వస్థలం శ్రీకాకుళం జిల్లా. వారి అబ్బాయి డిప్లొమా ముగించి ఈమధ్యనే ఉద్యోగంలో చేరాడు. మూడు నెలల జీతం కూడబెట్టి ఒక విచిత్ర వాహనాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దానికి ఉన్నది ఒకే చక్రం. కూర్చునే చోటు లేదు, పట్టుకునే కమ్మీ లేదు. చక్రానికి ఇరువైపులా ఉన్న పలకల మీద నిలబడి ముందుకు వంగితే ముందుకు పోతుంది, వెనక్కు వాలితే ఆగుతుంది. సూర్యుని రథానికి ఒకటే చక్రమని చిన్నప్పటి నుండి విన్నవాళ్ళం. అరసవల్లి సీమవాళ్ళకు ఇందులో వింతేమున్నదని నేను పరిహాసమాడాను. అయితే సూర్యరథాన్ని లాగడానికి ఏడు గుర్రాలున్నాయి. ఈ అబ్బాయి రథం మాత్రం కదలలేదు.

పూర్వపు యజమాని దాన్ని దాదాపు ఏడాదిపాటు వాడకుండా మూలన పెట్టాడట. మీట నొక్కితే దీపం వెలగదు. చార్జరు తగిలిస్తే చార్జరు మీద పచ్చదీపం మాత్రం వెలుగుతుంది.

"బాబాయిగారూ, దీపం పచ్చగానే ఉందండీ. అంటే నిండినట్టే కదా, మరి బండి లేవదేం?" అని అడిగాడు అబ్బాయి.

చాలామందికి ఉన్న అపోహ ఇది. ఇటువంటి చార్జర్లలో ఎర్రదీపం విద్యుత్తు ప్రవహిస్తున్నదని తెలుపుతుంది. పచ్చదీపానికి అర్థం ప్రవాహం లేదని మాత్రమే. బ్యాటరీ నిండినా ప్రవాహం ఉండదు, దారిలో ఎక్కడైనా తెగినా ఉండదు. దీపానికి ఆ తేడా తెలియదు.

పరీక్షకు ఒక క్రమం ఉన్నది. బయటి నుండి లోపలికి పోవాలి. మొదట చార్జరును మల్టీమీటరుతో చూశాను. ఉండవలసిన 84 వోల్టులు ఉన్నాయి. తరువాత వాహనానికి ఉన్న చార్జింగు సాకెట్టు చూశాను. హుగ్లీ నది గాలి, వర్షాకాలపు తేమ కలిసి దాని లోపలి పిన్నుల మీద పచ్చని చిలుము పట్టించాయి. శుభ్రం చేసి తగిలించినా ఫలితం లేదు. ఇక మిగిలింది బ్యాటరీయే.

ఇక్కడ బ్యాటరీ నిర్మాణం గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1859లో ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీని మనమందరం ఎరుగుదుము. మా వీధులలో తిరిగే టోటో రిక్షాలలో 12 వోల్టుల సీసపు బ్యాటరీలు నాలుగింటిని వరుసగా కలిపి 48 వోల్టులు రాబట్టడం సాధారణం. 1991లో సోనీ సంస్థ మార్కెట్టులోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ బరువు తక్కువ, శక్తి ఎక్కువ. ఆ శాస్త్రానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే మువ్వురికి 2019లో నోబెల్ బహుమతి లభించింది. అయితే దీనికి ఓర్పు తక్కువ. నిండినప్పుడు ఒక్కొక్క సెల్‌లో 4.2 వోల్టులు. అది దాటితే ప్రమాదం. సుమారు 2.5 వోల్టుల కంటె దిగజారినా ప్రమాదమే.

ఈ వాహనంలో రెండేసి సెల్స్ జతలుగా, మొత్తం 20 జతలు వరుసగా కలిపి ఉన్నాయి. ఇరవై జతలకు 4.2 చొప్పున 84 వోల్టులు. వీటికి కాపలాగా ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. ప్రతి జత వోల్టేజిని విడివిడిగా గమనిస్తూ, ఏ ఒక్కటి హద్దు దాటినా అది ప్రవాహాన్ని నిలిపివేస్తుంది. తొడుగు విప్పి, ఆ పలకకు వచ్చే సన్నని తీగల మీద ఒక్కొక్క జతనూ కొలిచాను. పందొమ్మిది జతలు 3.4 వోల్టులకు అటూఇటుగా ఉన్నాయి. పదమూడవ జతలో 0.9 మాత్రమే ఉన్నది. కాపలా పలక కూడా నిలవ ఉన్న ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా విద్యుత్తు తాగుతూనే ఉంటుంది. అసలే బలహీనమైన జత ఆ కాలంలో పూర్తిగా క్షీణించింది. దానిని గమనించిన పలక చార్జింగును నిరాకరిస్తున్నది. అంటే పలక చెడిపోలేదు, తన విధి తాను నిర్వర్తిస్తున్నది.

అబ్బాయి అప్పటికే ఒక మరమ్మతు కొట్టులో విచారించి వచ్చాడు. "పలకను తప్పించి తీగలు నేరుగా కలిపేస్తే చార్జింగు ఎక్కుతుందటండీ. అయిదు వందలే అడుగుతున్నాడు" అన్నాడు. ఆ కొట్టువాడు చెప్పినది అబద్ధం కాదు. చార్జింగు ఎక్కుతుంది. ఎలా ఎక్కుతుందన్నదే ప్రశ్న.

ఇరవై మంది బోయీలు మోస్తున్న పల్లకీని ఊహించుకోండి. ఒకడు కూలబడితే వాని భారం మిగిలిన పందొమ్మిది మంది భుజాల మీద పడుతుంది. చార్జరుకు తెలిసినది మొత్తం 84 వోల్టులే, లోపలి పంపకం దానికి తెలియదు. అంతగా క్షీణించిన లిథియం సెల్‌లో లోపలి రాగిరేకు కరిగి, తిరిగి చార్జి చేసినప్పుడు సన్నని రాగి పోగులుగా పేరుకొని లోలోపలే షార్ట్ సర్క్యూట్ కావచ్చును. ఆ జత 2 వోల్టుల దగ్గరే ఆగిపోయిందనుకుందాం. మిగిలిన 82 వోల్టులను 19 జతలు పంచుకోవాలి. ఒక్కొక్కదానికి 4.3 వోల్టులు దాటుతుంది. ఒక రోగిని బ్రతికించబోయి పందొమ్మిది ఆరోగ్యవంతమైన జతలను అపాయంలోకి నెట్టినట్లవుతుంది. కాపలా పలక లేదు కనుక ఆపేవారు లేరు.

ఒకవేళ నిప్పు అంటుకోకుండా చార్జి అయినా కథ సుఖాంతం కాదు. రెండు చక్రాల బండికి కరెంటు పోతే బండి మెల్లగా ఆగుతుంది. ఈ ఏకచక్ర వాహనం నిలువుగా నిలబడేదే మోటారు బలంతో. బలహీనమైన జత మధ్యదారిలో చేతులెత్తేస్తే మోటారు ఆగిన క్షణంలోనే మనిషి ముఖం మీద పడతాడు. మా రేవు రోడ్లమీద వెనుక కంటెయినరు లారీలు వస్తూ ఉంటాయి.

ఆ సాయంత్రం అబ్బాయి తండ్రి మా ఇంటికి వచ్చారు. "వాడి ముఖం చూడలేకపోతున్నానండీ. పోనీ ఒక్కసారి చార్జి పెట్టి చూడకూడదా?" అన్నారు. వారు ఉంటున్నది మూడంతస్తుల పాత ఇల్లు. ఆరు కుటుంబాలకు ఒకటే చెక్క మెట్లదారి. వాహనం పెట్టేది ఆ మెట్ల కిందనే. "దీన్ని మెట్ల కింద చార్జింగుకు పెట్టి మీరు పైన నిద్రపోగలరా?" అని మాత్రం అడిగాను. ఆయన కాసేపు మౌనంగా కూర్చుని, టీ త్రాగి, "వద్దులెండి" అని లేచారు.

పాత బ్యాటరీ కొసలకు టేపు చుట్టి, ఇసుక నింపిన ఇనుప డబ్బాలో పెట్టి ఆరుబయట ఉంచాము. తరువాత పాత బ్యాటరీలు సేకరించేవారికి అప్పగించాము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని చెత్తలో పారవేయకూడదు. చెడిన ఒక్క జతను మార్చమని అబ్బాయి అడిగాడు. ముసలి సెల్స్ మధ్య క్రొత్తది ఇమడదు, వాటి సామర్థ్యాలు కలవవు. మొత్తం బ్యాటరీ మార్చవలసి వచ్చింది. అది రావడానికి రెండు నెలలు, దాని కోసం మరికొంత జీతం ఖర్చయ్యాయి. ఆ రెండు నెలలూ అబ్బాయి నాతో ముభావంగానే ఉన్నాడు. ఇప్పుడు ఆదివారాలు శిరస్త్రాణం ధరించి మైదానంలో తిరుగుతున్నాడు.

విద్యుత్ స్కూటర్లు కొన్న సోదర ఉద్యోగులు మన సంస్థలో ఎందరో ఉన్నారు. వారికి నా మనవి ఇది. చార్జింగు మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా పెట్టవద్దు. అందరూ నిద్రించే వేళ పెట్టవద్దు. వానలో తడిసిన బండిని ఆరనివ్వండి, ఎండలో నడిపిన బండిని చల్లారనివ్వండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో ఉంచి, రెండు మూడు నెలలకొకసారి చూస్తూ ఉండండి.

చివరిగా ఒక్క మాట. మన కర్మాగారంలో రిలే పడిపోయినప్పుడు, ఎందుకు పడిందో తెలియకుండా దానిని తిరిగి ఎక్కించడానికి ఎవరినీ అనుమతించము. ఆ నియమాన్ని సాయంత్రం గేటు దగ్గరే వదిలి రాకుండా మనతో ఇంటికి కూడా తీసుకువెళితే, మన పిల్లలకు మేలు చేసినవారమవుతాము.