ఏ దీవిలో దిగాలి?

"అన్నా, ఎండాకాలం సెలవులకు యాడిని అండమాన్ తీసకపోదాం. ఖర్చు నాది. మంచి రిసార్టు నువ్వు చూడు" అన్నాడు బెంగుళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు. నల్లమాడ దగ్గర మా తండాలో సముద్రం చూసినవాళ్లు తక్కువ.

ఫోన్లో చూస్తే అన్నీ బాగున్నాయి. రాధానగర్ బీచ్ ఉన్న స్వరాజ్ ద్వీప్ నచ్చింది. 2018 దాకా దాని పేరు హేవ్‌లాక్. ఒక ఏజెంటు, "బారాటాంగ్ గుహలు కూడా కలుపుతాం సార్. దారిలో జరావాలు కనపడొచ్చు" అన్నాడు.

"వాళ్లెవరు?" అని యాడి అడిగింది.

"మనమాదిరే గిరిజనులు. ఆ అడవి వాళ్లది."

యాడి మాట్లాడలేదు. నాకు చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది. కారులో వచ్చినవాళ్లెవరో యాడి అద్దాల రవికను ఫోటో తీసుకున్నారు. పేరైనా అడగలేదు.

1956 నాటి నిబంధన ప్రకారం జరావాల అడవిలో అనుమతి లేనిదే అడుగుపెట్టకూడదు. అయినా దాని నడుమ రోడ్డు పోతుంది. ఆ భాగం మూయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పినా బండ్లు ఆగలేదు. తిండి ఆశ చూపి జరావా ఆడవాళ్లను ఆడించిన వీడియో 2012లో బయటపడింది.

అందుకే గది అద్దె కంటే ముందు దారి అడిగాను. ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ఓడలోనే పోవచ్చు. ఆ అడవి జోలికి పోనక్కరలేదు. గుహలు వద్దన్నాం. ఉద్యోగాలొచ్చిన మన పిల్లలూ, యాత్రలకు తీసుకుపోయే టీచర్లూ ఈ మాట ముందే అడగండి.

యాడి పెట్టెలోంచి అద్దాల రవిక తీసింది. "అక్కడెవరైనా ఫోటో తీస్తామంటే?"

"ముందు నీ పేరు అడగమను" అన్నాను.