బయాస్ సరిచేయు వేళ

మరమ్మతునకు వచ్చిన యొక బేస్ గిటారు ఆంప్లిఫయరులో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చిన పిమ్మట, బిగ్గర స్వరములు గంభీరముగనే పలుకుచున్నను, 41 హెర్ట్జ్‌ల మంద్రతంత్రిని మీటి విడిచినపుడు ఆ నాదము క్షీణించుచు క్షీణించుచు తుదిదశలో గరగరమనుచు చీలిపోవుట విని, దోషము బయాసునందే యున్నదని నిశ్చయించితిని. తరంగము ధనార్ధమునుండి ఋణార్ధమునకు దాటుచోట, ఒక ట్రాన్సిస్టరు విరమించి మరియొకటి అందుకొనుటకు ముందు, ఉభయములును మౌనము వహించు క్షణము కలదు. సిలికాన్ ట్రాన్సిస్టరు మేల్కొనుటకు సుమారు 0.6 వోల్టు కావలయును గనుక, విశ్రాంతియందు సైతము ఆ రెంటిలోను స్వల్పవిద్యుత్తును ప్రవహింపజేయుటయే బయాసు పని.

అది మితిమీరినచో మరింత ప్రమాదము. వేడి యెక్కిన కొలది ఆ 0.6 వోల్టు డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గును, ప్రవాహము పెరుగును, పెరిగిన ప్రవాహము మరల వేడిని పుట్టించును, తుదకు ట్రాన్సిస్టరు దగ్ధమగును. అందుచేతనే బయాసును నిలుపు చిన్న ట్రాన్సిస్టరును హీట్‌సింకునకు తగిలింతురు. దానిని బిగింపక వదలుట నా దృష్టిలో క్షమింపరాని అశ్రద్ధ.

స్పీకరు విడదీసి, ప్రీసెట్టును కనిష్ఠ బయాసు వైపునకు త్రిప్పి, శ్రేణిలో కలిపిన బల్బు ఒక్కమారు వెలిగి మసకబారిన పిదప దానిని తొలగించి, 0.33 ఓముల ఎమిటరు రెసిస్టరుపై 10 మిల్లీవోల్టులు, అనగా 30 మిల్లీఆంపియరుల ప్రవాహము, కనబడువరకు మెల్లమెల్లగా పెంచితిని. హీట్‌సింకు వేడెక్కి నిలకడ చెందిన తరువాత మరల కొలువవలయును. సర్వీసు మాన్యువలులో వేరు విలువ యున్నచో అదియే ప్రమాణము.